శీనుగాడికి, పాలు 'పడకపోవడం' గురించి

ఒరేయ్ శీనూ,

ముందు తిట్టాల్సినవన్నీ తిట్టేసుకో, తర్వాత చదువు. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది, మధ్యలో మూడుసార్లు మొదలుపెట్టి ఆపేశాను, సారీరా. కానీ నిన్న ఫోన్లో నువ్వు "బుడ్డోడికి పాలు పడట్లేదురా, నువ్వు తాగే ఆ లాక్టోస్ ఫ్రీ పాలే పట్టి చూద్దాం అనుకుంటున్నాం" అన్నావు చూడు, నా ప్రాణం పోయినంత పనైంది. మీటింగ్ మధ్యలో ఉండి "వద్దు, అస్సలు వద్దు" అని అరిచి పెట్టేశాను. ఎందుకు వద్దో చెప్పకపోతే నీకు నిద్ర పట్టదు, నాకసలే పట్టట్లేదు.

మిగతా కబుర్లు గబగబా చెప్పేస్తా. ఉద్యోగం అదే, బాసు మారాడు, ఇల్లు మారాం, అమ్మ మోకాలు నయం, పచ్చ గొడుగు ఇంకా నా దగ్గరే ఉంది, అడక్కు. అంతే.

పోయిన నెల మా చెల్లి పాపని తీసుకుని వచ్చిందిరా. ఏడాదిన్నర దానికి, ఇప్పుడిప్పుడే "మాయ్యా" అంటోంది. వచ్చేముందే చెల్లి ఫోన్లో చెప్పింది, "అన్నయ్యా, దీనికి పాలు పడవు, గుర్తుపెట్టుకో" అని. నేనేమన్నానో తెలుసా, "నాకూ పడవు కదే, మేనమామ పోలిక" అన్నాను. అదీ నవ్వింది, నేనూ నవ్వాను, మాట అక్కడితో అయిపోయింది. ఇద్దరం ఒకే మాట అన్నాం, ఇద్దరి మనసులో ఉన్నవి వేరు.

నా సంగతి నీకు తెలిసిందే, పొద్దున గ్లాసుడు పాలు తాగితే రెండో పీరియడ్‌కి నేను క్లాసులో ఉండేవాణ్ణి కాదు, నువ్వు ప్రాక్సీ చెప్పేవాడివి. నా లెక్కలో 'పడదు' అంటే అదీ. పొట్ట ఉబ్బడం, గడబిడ, ఓ పూట అవస్థ.

ఆ రోజు చెల్లి స్నానానికి వెళ్లింది. పాప నిద్రలేచి ఏడుపు. ఫ్రిజ్‌లో నా పాలున్నాయి, లాక్టోస్ లేనివి, నాకు పడతాయి కాబట్టి దానికీ పడతాయి అనుకున్నా, అంత నమ్మకంగా అనుకున్నానురా. గోరువెచ్చగా చేసి గ్లాసుతో పట్టాను. మూడు నాలుగు గుక్కలు తాగి మొహం తిప్పేసింది, పాలు గడ్డం మీద కారాయి, తుడిచాను.

ఐదు నిమిషాలు కూడా కాలేదు. పాలు కారినచోట, సరిగ్గా ఆ కారిన గీత వెంబడే, దద్దుర్లు లేచాయి. ఎవరో గీసినట్టు గడ్డం మీంచి మెడదాకా ఎర్రటి గీత. చీమో ఏదో కుట్టిందేమో అనుకున్నా! కడుపులో తేడా చేస్తే గంట తర్వాత కదా అని నా లెక్క నాది. ఈలోగా పై పెదవి ఉబ్బింది, నాలుక బయటపెట్టి చేత్తో రుద్దుకుంటోంది, ఒక్కసారి కక్కింది, తర్వాత దగ్గు. ఆ దగ్గు మామూలు దగ్గు కాదురా, గొంతు మారిపోయింది, ఏడుస్తుంటే ఏడుపు బయటికి రావట్లేదు.

చెల్లి తడి జుట్టుతోనే బయటికొచ్చింది. బల్ల మీద గ్లాసు చూసింది. "ఏం పట్టావు?" అంది. "లాక్టోస్ ఫ్రీవేనే..." అన్నాను. అది ఇంకో మాట మాట్లాడలేదు, పాపని లాక్కుని చెప్పులు కూడా లేకుండా పరిగెత్తింది, వెనక నేను. అదృష్టం, ఆసుపత్రి పక్క వీధిలోనే. లోపలికి వెళ్లగానే డాక్టరమ్మ చూసి, ఏమీ అడక్కముందే తొడకి ఇంజెక్షన్ ఇచ్చేసింది, అడ్రినలిన్. ఎంతసేపట్లో తేరుకుందో చెప్పలేను, నాకు గంటలాగా అనిపించింది, చెల్లి ఐదారు నిమిషాలే అంటుంది. ముందు ఏడుపు వినపడింది. ఏడుపు విని అంత సంతోషించడం నా జీవితంలో అదే మొదటిసారి.

తగ్గాక కూడా కొన్ని గంటలు అక్కడే ఉంచారు, ఒకసారి తగ్గి మళ్లీ తిరగబెట్టొచ్చట. అప్పుడు కూర్చోబెట్టి చెప్పింది డాక్టరమ్మ. లాక్టోస్ అంటే పాలలో ఉండే చక్కెర. దాన్ని విరగ్గొట్టడానికి చిన్నపేగు గోడలో లాక్టేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, పెద్దయ్యేకొద్దీ చాలామందిలో అది తగ్గిపోతుంది. తగ్గితే ఆ చక్కెర అలాగే పెద్దపేగులోకి పోతుంది, అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెడుతుంది, గ్యాసు, నీళ్లు, ఇక రెండో పీరియడ్. ప్రపంచంలో మూడింట రెండు వంతుల మందికి ఎంతో కొంత ఇలాగే ఉంటుందట, అంటే నాది జబ్బని కూడా అనక్కర్లేదు. గ్లాసు పాలలో 12 గ్రాముల దాకా లాక్టోస్ ఉంటుంది, కొంచెం కొంచెంగా తాగితే చాలామంది తట్టుకుంటారు. పెరుగు నాకు పడేది కూడా అందుకే, తోడులో ఉన్న బ్యాక్టీరియా కొంత చక్కెరని ముందే తినేస్తుంది.

పాప సంగతి చక్కెరతో కాదు, ప్రోటీన్‌తో. పాలలో ఉండే కేసిన్, వే (whey) అనే ప్రోటీన్లు. వాటిని దాని ఒళ్లు శత్రువనుకుంటుంది, యాంటీబాడీలు సిద్ధంగా పెట్టుకుని కూర్చుంటుంది. అందుకే పొట్ట ఒక్కటే కాదు, చర్మం, పెదాలు, గొంతు, ఊపిరి, బీపీ, అన్నిటిమీదా పడుతుంది. చెంచాడు కూడా అక్కర్లేదు. ఇంతకుముందు దానికి దద్దుర్లు మాత్రమే వచ్చేవట, ఊపిరి దాకా రావడం ఇదే మొదలు. పోయినసారి తక్కువే వచ్చింది కదా అని ధైర్యంగా ఉండటానికి లేదన్నమాట.

ఇక నేను పట్టిన పాలు. లాక్టోస్ ఫ్రీ అంటే ఏం తీసేశారనుకున్నావు? ఏమీ తియ్యరు చాలావరకు, మామూలు పాలలోనే లాక్టేజ్ కలిపి చక్కెరని ముందే విరగ్గొట్టేస్తారు, అందుకే కాస్త తియ్యగా ఉంటాయి. ప్రోటీన్ మాత్రం ఎక్కడికీ పోదు. అంటే నేను పాపకి పట్టింది అచ్చం పాలే. ఆ మాట విన్నాక నాకు కాళ్లు ఆడలేదురా. చెల్లేమో "నేనే సరిగ్గా చెప్పలేదు అన్నయ్యా, ఎలర్జీ అని చెప్పాల్సింది" అంటోంది, దాని జుట్టులోంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. తిట్టినా బాగుండేది.

సరే, బుడ్డోడి సంగతికి వస్తా, దీనికోసమే ఇదంతా. వాడికి తొమ్మిదో నెల. తల్లిపాలలో ఆవుపాల కంటే లాక్టోస్ ఎక్కువ ఉంటుంది, అవి తాగి వాడు బాగానే ఉన్నాడు కదా? అంటే చక్కెర అరగకపోవడం అనేది ఆ వయసులో చాలా అరుదు, విరేచనాలు పట్టుకున్నాక కొన్నాళ్లు ఉండొచ్చు, అంతే. పైగా నువ్వే అన్నావు, ఆవుపాలు పట్టగానే మూతి చుట్టూ ఎర్రబడుతోంది అని. గంట తర్వాత కాదు, పట్టగానే! దాన్ని వదిలెయ్యకు. మీ అత్తగారు చెప్పిన మేకపాలు కూడా వద్దని ఆవిడకి మెల్లిగా చెప్పు, ఆ ప్రోటీన్లు ఆవుపాలలో ఉన్నవాటికి చాలా దగ్గర, ఆవుపాల ఎలర్జీ ఉన్న పిల్లల్లో నూటికి 90 మందికి పైగా మేకపాలూ పడవు.

పిల్లల డాక్టరుకి చూపించు. ఏం పట్టారు, ఎంత పట్టారు, ఎన్ని నిమిషాలకి ఏం కనిపించింది, ఈ మూడూ కాగితం మీద రాసుకుని వెళ్లు, ఎర్రబడితే ఫొటో తియ్యి, ఆసుపత్రికి చేరేసరికి మాయమైపోతుంది. చర్మం మీద చేసే పరీక్ష, రక్తపరీక్ష ఉన్నాయి. ఇంకో రకం కూడా ఉందిట, మెల్లిగా, గంటలకో రోజులకో బయటపడేది, దొడ్డికి వెళితే నెత్తురు జీర కనిపిస్తుంది, అది ఆ పరీక్షల్లో దొరకదు, కాబట్టి డైపర్ కూడా చూస్తూ ఉండండి. పోతపాలు కావాలంటే ప్రోటీన్‌ని ముక్కలు ముక్కలు చేసిన ప్రత్యేకమైన పాలపొడి ఉంటుంది, అది డాక్టరే చెప్పాలి, నువ్వు కొనేయకు. దగ్గు, గొంతు మారడం, డీలాపడటం, వీటిల్లో ఏది కనిపించినా ఇంట్లో చుక్కల మందు వేసి కూర్చోవద్దు, పరిగెత్తు. పచ్చ గొడుగు మీద ఒట్టు.

భయపెడుతున్నానా? చాలామంది పిల్లలకి పెద్దయ్యేసరికి ఇది పోతుందట, మా పాపకీ పోతుందని నేను రోజూ అనుకుంటున్నా. కానీ పోయిందో లేదో ఇంట్లో పట్టి చూడకూడదు, డాక్టరు ఎదురుగానే.

బిస్కెట్ ప్యాకెట్ల వెనక చదవడం నేర్చుకున్నానురా, కేసిన్ అని ఉన్నా వే అని ఉన్నా పాలే, నెయ్యి గురించి కూడా ఒకటి చెప్పాలి, అది

చెల్లి వచ్చేసింది, ఈరోజు పాప చెకప్, నన్నే ఎత్తుకోమంటోంది. రాత్రికి ఫోన్ చేస్తా. డాక్టరు టైమ్ తీసుకున్నావో లేదో ముందు అది చెప్పు.

నీ
ప్రాక్సీ నంబర్ 17