ఈసారి సకినాలు తక్కువే చేస్తున్నాం

నమస్తే. పోయిన సంక్రాంతికి మా దగ్గర సకినాలు తీసుకున్నవాళ్ళలో కొందరికి గట్టివి వెళ్ళాయి. కరకరమని విరగాల్సినవి పంటికి రాళ్ళలా తగిలాయి. ఫోన్ చేసి చెప్పినవాళ్ళకు డబ్బు వాపసు పంపాను గానీ, ఏం జరిగిందో సరిగ్గా చెప్పలేదు. "కొత్త బియ్యం కదా, అట్లయింది" అన్నాను. అది నిజం కాదు. ఇప్పుడు ఉన్నదున్నట్టు చెప్తాను.

కరీంనగర్‌లో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆరుగురు ఆడవాళ్ళం కలిసి చేస్తాం. పొద్దున కూర్చుంటే సాయంత్రానికి పాతిక కిలోలు. పండుగ ముందు పది రోజులకు 250 కిలోలు అవుతాయి. నేను ఒప్పుకున్నది 400. ఎవరికీ కాదనలేకపోయాను. ఒకరికి డల్లాస్ వెళ్ళే కొడుకు పెట్టెలో పెట్టాలి, ఒకరికి బిడ్డ పెళ్ళయ్యాక వచ్చిన మొదటి పండుగ, సారె పంపాలి. ఆ మిగతా 150 కిలోలకు బియ్యం నానబోసి ఆరబెట్టే తీరిక లేక, బజారులో పొడి బియ్యప్పిండి బస్తాలు కొన్నాను. నువ్వులు అవే, వాము అదే, చుట్టిన చేతులూ అవే. పిండి ఒక్కటే మారింది.

సకినాలకు కావాల్సింది తడిపిండి. రాత్రి నానబోసిన బియ్యాన్ని పొద్దున వడగట్టి, బట్ట మీద నీడపట్టున ఆరబోసి, ఇంకా తడి ఉండగానే గిర్నీకి తీసుకుపోవాలి. నానిన గింజ మెత్తగా నలుగుతుంది. ఎండు బియ్యం మరలో వేడెక్కి నలుగుతుంది. ఆ పిండి నీళ్ళు ఎక్కువ తాగుతుంది, కాలాక గట్టిబడుతుంది. ఇవన్నీ నాకు తెలియక కాదు. ఇంత పనిలో ఎవరు గుర్తుపడతారులే అనుకున్నాను.

గుర్తుపట్టింది మా బాపమ్మ. ఆమెకు 84 ఏళ్ళు. షెడ్డు గడపలో కూర్చుని ఒక సకినం విరిచి చూసి, "ఇది బజారు పిండి గదా బిడ్డా" అన్నది. నేను మాట్లాడలేదు. ఆమె కోప్పడలేదు. చేతిలో ముక్కను తినకుండా మళ్ళీ పళ్ళెంలో పెట్టేసింది. పండుగ మూడో రోజు జగిత్యాల నుంచి ఒక అక్క ఫోన్ చేసి, "మా అమ్మ మీ సకినాల కోసమే ఎదురుచూసింది, ఒక్కటి కొరికి పక్కకు పెట్టింది" అని చెప్పింది. రెండు ముక్కలూ ఒకటే అనిపించి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అంతకన్నా భయపెట్టిన సంగతి ఇంకొకటి ఉంది. రెండేళ్ళుగా బాపమ్మ చేతులు వణుకుతున్నాయి, ఆమె చుట్టడం మానేసింది. ఆమె తర్వాత ఈ పని ఎవరికి వచ్చు? నా నోటుబుక్కులో ఉన్నది ఒక్క ముక్క: మానెడు బియ్యానికి సోలెడు నువ్వులు, పిరికెడు వాము, తగినంత ఉప్పు. ఆరబోసిన బియ్యం ఎప్పుడు తియ్యాలని అడిగితే "చెయ్యికి తెలుస్తది" అంటుంది. ఆమె చేతికి తెలుస్తుంది. నా చేతికి కొన్నిసార్లు తెలుస్తుంది. మా అమ్మాయి ఎన్నడూ ఆ బియ్యంలో చెయ్యి పెట్టనే లేదు.

మొదట ఫోనుతో వీడియో తీశాను. తర్వాత చూసుకుంటే ఆమె పిడికిట్లోకి బియ్యం తీసుకోవడం, వదలడం కనబడింది. తడి మాత్రం ఎక్కడా కనబడలేదు. అప్పుడు ఎలక్ట్రానిక్ కాంటా తెచ్చి ఆమె ముందర పెట్టాను.

ముందుగా ఇత్తడి సోల సంగతి. 1962 నాటికే దేశమంతా కిలోలు తప్పనిసరి అయినా మా వంటింట్లో సోల దిగలేదు. నాలుగు గిద్దలు ఒక సోల, నాలుగు సోలలు ఒక మానెడు. ఊరూరికీ సోల కొంచెం పెద్దదో చిన్నదో ఉండేది గానీ, బియ్యంలో నాలుగో వంతు నువ్వులు అనే లెక్క ఏ ఊళ్ళోనూ మారదు. అయితే అది కొలత లెక్క, తూకం లెక్క కాదు. మా సోలతో తలగొట్టి పోస్తే మానెడు బియ్యం 1,300 గ్రాములు తూగాయి, సోలెడు నువ్వులు 240. నువ్వులు తేలిక కదా. అంటే కిలో బియ్యానికి 185 గ్రాముల దాకా. నేను ఇన్నాళ్ళూ కిలోకు పావుకిలో వేస్తున్నాను. చుట్టేటప్పుడు సకినం మధ్యలో తెగుతుంటే పిండి జిగట లేదని అనుకున్నాను. ఎక్కువైన నువ్వులే తెంపుతున్నాయి.

ఇక తడి. ఆరు ఆదివారాలు ఇదే పని పెట్టుకున్నాం. ప్రతిసారీ మానెడు బియ్యమే నానబోశాను. ఆరబోసిన బియ్యాన్ని బాపమ్మ పిడికిలి పట్టి, వదిలి, అరచెయ్యి చూసుకునేది. గింజలు అరచేతికి అంటుకోవాలి, చెమ్మ మాత్రం మిగలొద్దు. "ఇగ తియ్యి" అనగానే ఆ బియ్యాన్ని తూచాను. ఒకసారి 1,590, ఒకసారి 1,620, తక్కినవన్నీ ఆ మధ్యలోనే. ఎండ కాసిన రోజు గంటలోపే తీయమంది. ముసురు పట్టిన రోజు దాదాపు నాలుగు గంటలు పట్టింది. అయినా తూకం అంతే. నేను గంటలు రాసిపెట్టుకుని ఉంటే అది ఎప్పుడూ కుదిరేది కాదు. 1,300 గ్రాముల బియ్యం నాని ఆరి 1,600 దగ్గరికి వచ్చినప్పుడు గిర్నీకి పోవాలి. అరవై ఏళ్ళుగా ఆమె చేతిలో ఉన్నది ఈ అంకె. చదివి వినిపిస్తే కాగితం తీసుకుని, చదవడం రాకపోయినా, చాలాసేపు చూసింది. "గిది జాగ్రత్త బిడ్డా" అన్నది.

చుట్టడం మాత్రం కాగితం మీదికి రాలేదు. బొటనవేలు, పక్కన రెండు వేళ్ళ మధ్య పిండి మెలి తిరుగుతూ దిగాలి, వరుసకు వరుస తగులుతూ నాలుగు చుట్లు రావాలి. పాత ధోవతి మీదే చుట్టాలి, అది తడి లాగుతుంది. మరీ ఎండనిస్తే ఎత్తేటప్పుడు పగుళ్ళు. ఇవి పక్కన కూర్చుని నేర్చుకోవాల్సినవే. అందుకే మా అమ్మాయి ఇప్పుడు ఆదివారాలు షెడ్డులోనే ఉంటుంది. మొదట పిండితో గౌరమ్మను చేసి పసుపు కుంకుమ పెట్టేది కూడా తనే.

ఈసారి 250 కిలోలే చేస్తాం. అన్నీ తడిపిండితోనే. కిలో 480 ఉన్నది 540 అవుతుంది, పెరిగిన అరవైలో ఎక్కువ భాగం చుట్టే ఆడవాళ్ళ కూలికే. ప్రతి ప్యాకెట్‌లో పెద్ద అక్షరాలతో ఈ కొలతల కాగితం పెడతాను. తయారీ అందరికీ చెప్తే గిరాకీ పోతుందని మా ఆయన అన్నాడు. కానీ బాపమ్మకు ఇది నేర్పింది ఆమె అత్త. వాడకట్టు ఆడవాళ్ళంతా ఇయ్యాల ఒకరింట్లో, రేపు ఇంకొకరింట్లో కూర్చుని చుట్టినవాళ్ళు. దాచిపెట్టడానికి నాకేం హక్కుంది?

మీ ఇంట్లో మలీద ముద్దలో, సర్వపిండో, ఇంకేదైనా పెద్దవాళ్ళ చేతిలోనే మిగిలిపోయి ఉంటే వాళ్ళను తీసుకుని ఏ ఆదివారమైనా షెడ్డుకు రండి. కాంటా ఉంది, రాసుకోవడానికి నేనున్నాను. వాళ్ళు "తగినంత" అన్న చోటల్లా ఆపి తూద్దాం. డబ్బేమీ అవసరం లేదు.

ఆర్డర్లు డిసెంబరు 20 నుంచి తీసుకుంటాం, 250 కిలోలు నిండగానే ఆపేస్తాం. పోయినసారి గట్టివి వచ్చినా ఫోన్ చెయ్యకుండా ఊరుకున్నవాళ్ళు దయచేసి ఒక్క మాట చెప్పండి. మొదటి రోజు చుట్టినవి మీకే పంపిస్తాను.