‘స్క్రోటల్ స్వెల్లింగ్’కు ఏ కోడ్ వేయమంటారు?

సంపాదకులకు నమస్కారం.

వృషణాల జబ్బులతో ఆసుపత్రిలో చేరినవాళ్ల డిశ్చార్జి సమ్మరీల్లో డయాగ్నసిస్ గడి చూస్తే ‘స్క్రోటల్ స్వెల్లింగ్’ (వృషణాల సంచి వాపు) అనో, ‘అక్యూట్ స్క్రోటమ్’ (అక్కడ ఉన్నట్టుండి వచ్చిన నొప్పి, వాపు) అనో రాసి వదిలేసినవి చాలా కనిపిస్తాయి. ఇవి లక్షణాలే తప్ప జబ్బు పేర్లు కావు. వృషణం మెలిపడిందా, ఇన్‌ఫెక్షనా, నీరు చేరిందా, గడ్డా అన్నది సర్జన్‌కు తెలుసు. ఆపరేషన్ నోట్‌లోనూ ఉంటుంది. కానీ ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఫారం పార్ట్-బిలో ఐసీడీ-10 కోడ్ (ఒక్కో జబ్బుకు ఒక్కో గుర్తు ఉండే అంతర్జాతీయ జాబితాలోది) నింపే ఉద్యోగి చేతికి చాలాచోట్ల వచ్చేది సమ్మరీ, స్కానింగ్ రిపోర్టు మాత్రమే. తప్పు అక్కడే మొదలవుతుంది, డబ్బు పోయేది మాత్రం రోగి ఇంటివాళ్లకు.

పద్నాలుగేళ్ల కుర్రాడికి ఎడమ వృషణం మెలిపడిందనుకుందాం. డాప్లర్ (రక్తప్రసరణ చూసే స్కానింగ్) రిపోర్టులో రక్తప్రసరణ లేదని, చుట్టూ కొద్దిగా ‘రియాక్టివ్ హైడ్రోసీల్’, అంటే మెలి వల్ల ఊరిన నీరు, ఉందని రాస్తారు. సమ్మరీలో టార్షన్ (మెలిపడడం) అన్న మాటే లేకపోతే, కోడ్ వేసే మనిషి హైడ్రోసీల్‌ను పట్టుకుని ఎన్43.3 వేసేస్తాడు. అది వరిబీజం కోడ్. చాలా పాలసీల్లో హెర్నియా, వరిబీజం ఆపరేషన్లకు రెండేళ్ల వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. పాలసీ తీసుకుని ఏడాదే అయితే క్లెయిమ్ తిరిగొచ్చేస్తుంది. వేయాల్సింది టార్షన్ కోడ్ ఎన్44. మెలి వల్ల ఊరిన నీరు ప్రధాన డయాగ్నసిస్ ఎప్పటికీ కాదు. అసలు స్కానింగ్ రిపోర్టు ఒక్కటే చూసి కోడ్ వేయకూడదు. చికిత్స చేసిన డాక్టర్‌ను రాతపూర్వకంగా అడిగి, జవాబును ఫైల్లో పెట్టాలి.

ఇంకో చిక్కు ఉంది. మన దగ్గర కోడింగ్ నేర్చుకున్న పిల్లల్లో ఎక్కువమంది అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో అమెరికా కోడ్ల పుస్తకం చదువుకున్నవాళ్లే. 2015 అక్టోబర్ 1 నుంచి అమెరికా వాడుతున్న ఐసీడీ-10-సీఎం వేరు, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-10 వేరు. అమెరికా పుస్తకంలో టార్షన్‌కు ఎన్44.00 నుంచి ఎన్44.04 దాకా ఉన్నాయి. బీజానికి అంటుకుని ఉండే చిన్న తొడిమ, అంటే అపెండిక్స్ టెస్టిస్, మెలిపడితే ఎన్44.03. దానికి చాలాసార్లు ఆపరేషనే అవసరం ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పుస్తకంలో ఇవన్నీ కలిపి ఒక్క ఎన్44. ఇన్‌ఫెక్షన్ దగ్గర ఇంకా గందరగోళం. అమెరికా పుస్తకంలో ఎపిడిడిమైటిస్ (వృషణం వెనకుండే గొట్టం వాపు) ఎన్45.1, ఆర్కైటిస్ (వృషణం వాపు) ఎన్45.2, రెండూ కలిస్తే ఎన్45.3, చీము గడ్డకు ఎన్45.4. సంస్థ పుస్తకంలో చీము ఉంటే ఎన్45.0, లేకపోతే ఎన్45.9, అంతే. సంస్థ పుస్తకం ఆధారంగా నడిచే సాఫ్ట్‌వేర్‌లో ఎన్45.3 కొడితే తీసుకోదు. అప్పుడు తీసుకునే కోడ్ ఏదో ఒకటి కొట్టి పని కానిచ్చేస్తారు. గవదబిళ్లల వల్ల వచ్చిన వాపు అసలు ఈ వరుసలోదే కాదు, బి26.0. క్షయ వల్ల వచ్చిందైతే ఎ18.1.

ఇంకో సంగతి, టార్షన్ కోడ్‌లో కుడి, ఎడమ అన్న తేడా రెండు పుస్తకాల్లోనూ లేదు. ఏ వైపో సమ్మరీలో అక్షరాలా రాయకపోతే ఆ సమ్మరీ పట్టుకుని ఇంకో ఆసుపత్రికి వెళ్లినవాడికి అది తెలిసే దారి లేదు. పొట్టి అక్షరాలు వద్దు, ‘ఎడమ’ అనే రాయండి. నొప్పి ‘నిన్నటి నుంచి’ అని కాకుండా ‘రాత్రి 11 గంటలకు’ అని రాయాలి. ఆరు గంటల్లోపు మెలి విప్పితే వృషణం దాదాపుగా దక్కుతుంది, 24 గంటలు దాటితే దక్కడం అరుదు. నొప్పి మొదలైన టైము, క్యాజువాలిటీకి వచ్చిన టైము, డాప్లర్ టైము, కోత పెట్టిన టైము, ఈ నాలుగూ లేని కేస్ షీట్ రేపు కోర్టులో డాక్టర్‌నూ కాపాడలేదు. ఆపరేషన్ నోట్‌లో మెలి ఎన్ని డిగ్రీలు, విప్పి వేడి సెలైన్ గుడ్డ కప్పాక రంగు తిరిగిందా, రెండో వైపు కూడా కుట్టి నిలిపారా అన్నవి ఉండాలి. ఆర్కిడోపెక్సీ అంటే కుట్టి నిలపడం, ఆర్కిడెక్టమీ అంటే తీసేయడం. డిక్టేషన్ టైపు చేసేటప్పుడు ఒకటి రెండోది అయిపోతుంటుంది. తీసేసి ఉంటే బయాప్సీ నంబరు సమ్మరీలోనే ఉండాలి.

గోదావరి జిల్లాల్లాంటి బోదకాలు ప్రాంతాల సంగతి వేరేగా చెప్పాలి. అక్కడ పెద్దవాళ్లకు వచ్చే వరిబీజం చాలావరకు ఫైలేరియా పనే. కారణం తేలినా సమ్మరీలో ఉత్త ‘హైడ్రోసీల్’ అని రాస్తే ఎన్43 ఒక్కటే పడుతుంది, ఫైలేరియా కోడ్ బి74 పడదు. 2027 కల్లా బోదకాలును నిర్మూలిస్తామని దేశం లక్ష్యం పెట్టుకుంది. ఇలా లెక్కలోకే రాని కేసులను ఎవరు పట్టించుకుంటారు? పసిపిల్లల్లో పుట్టుకతో ఉండే నీరు మళ్లీ వేరు, పి83.5.

వృషణం కిందికి దిగని పిల్లలకు ఒకవైపా రెండువైపులా, కడుపులో ఉందా గజ్జలో ఉందా అన్నది రాస్తే చాలు. పైకీ కిందికీ కదులుతూ చేత్తో దించితే దిగేదాన్ని దిగని వృషణం కోడ్ క్యూ53 కింద వేయకండి. అది క్యూ55.2, దానికి ఆపరేషన్ ఆమోదం అడగడమే తప్పు.

క్యాన్సర్ విషయంలో తొందర పనికిరాదు. స్కానింగ్‌లో గడ్డ కనిపించిందని వృషణ క్యాన్సర్ కోడ్ సి62 వేస్తే బయాప్సీలో మామూలు గడ్డని తేలినా ఆ ముద్ర రికార్డులో ఉండిపోతుంది. నిర్ధారణ అయ్యాక దిగని వృషణంలో వచ్చిందైతే సి62.0, దిగినదానిలో అయితే సి62.1. ఏదీ రాయకపోతే మిగిలేది సి62.9. ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ అనే రక్త పరీక్షలు ఆపరేషన్‌కు ముందూ తర్వాతా ఏ తేదీల్లో చేశారో రాయాలి. స్టేజి లెక్కకు ఆపరేషన్ తర్వాత వచ్చిన అంకెలు కావాలి. కీమో నడుస్తున్నంతకాలం సి62 ఉంటుంది. చికిత్స మొత్తం ముగిసి, జబ్బు లేదని తేలాకే ‘గతంలో క్యాన్సర్ ఉండేది’ అని చెప్పే జడ్85.4కు మారాలి.

ఇంటికి బయల్దేరే ముందు సమ్మరీలో జబ్బు పేరు, వైపు, ఆపరేషన్ పేరు ఉన్నాయో లేదో చూసుకోండి. సిగ్గుపడి మడిచి సంచీలో పెట్టుకునేవాళ్లే ఎక్కువ. తర్వాత తప్పు కనిపిస్తే కాగితం మీద కొట్టివేతలు, వైట్‌నర్ పూతలు ఒప్పుకోకండి. ఇన్సూరెన్స్ వాళ్లు వాటిని మోసం కిందే చూస్తారు. చికిత్స చేసిన డాక్టర్ వేరే కాగితం మీద సవరణ రాసి, సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు, ఆ రోజు తేదీ వేసి ఇవ్వాలి. పాత సమ్మరీకి దాన్ని జతచేసి మళ్లీ పంపాలి.

ఇట్లు,
ఆసుపత్రి రికార్డుల కోడింగ్ పనిలో ఉన్న కొందరం, హైదరాబాద్