ఆ రెండు మిల్లీమీటర్ల షీటు తప్పు నాదే

నమస్కారం. ఏలూరు రోడ్డులో మా రోబో సామాన్ల షాపుకు వచ్చే పిల్లలకు, వాళ్లను బండి మీద తీసుకొచ్చి బయట ఎండలో నిలబడే నాన్నలకు, టీచర్లకు ఈ నాలుగు మాటలు. పోయిన సీజన్‌లో గుంటూరు టీము ఒకటి నా దగ్గర కొన్న ప్లాస్టిక్ షీటు వల్ల రోబో పోటీ ఇన్‌స్పెక్షన్‌లో ఆగిపోయింది. కొందరికి ఈ సంగతి ఇప్పటికే తెలుసు. మిగతావాళ్లు ఎవరో చెప్పగా వినేకంటే నేనే చెప్పడం మంచిదనిపించింది.

వాళ్లది వెక్స్ వీ5 అనే స్కూలు పిల్లల రోబో పోటీ. అందులో మోటార్లు, బ్రెయిన్ (రోబోను నడిపే కంట్రోలర్), చాలావరకు మెటల్ కూడా వెక్స్ కంపెనీవే వాడాలి. బయట కొనుక్కోనిచ్చేవి కొన్నే. ప్లాస్టిక్ షీటు వాటిలో ఒకటి. దానికీ లెక్కుంది. ఒక్కో ముక్క 4 అంగుళాలు, 8 అంగుళాల కొలతలో పట్టాలి, మొత్తం 12 ముక్కలు దాటకూడదు, మందం 0.070 అంగుళం మించకూడదు. పిల్లలు వచ్చి "అంకుల్, పాలికార్బొనేట్ సన్నది కావాలి" అన్నారు. మా దగ్గర అప్పుడు సన్నదంటే 2 ఎంఎం. ఎంత సన్నం అని నేను అడగలేదు. కోసి, ప్యాక్ చేసి ఇచ్చేశాను.

తర్వాత వాళ్ల టీచరు ఫోన్ చేసి "మందం ఎక్కువట సార్" అన్నారు. షాపులో మిగిలిన ముక్కకు కాలిపర్ (మందం కొలిచే పరికరం) పెట్టి చూశాను. 1.93 మిల్లీమీటర్లు వచ్చింది. 0.070 అంగుళం అంటే 1.78 మిల్లీమీటర్లు. వేళ్లతో పట్టుకుంటే ఈ తేడా ఎవరికీ తెలియదు, నాకూ తెలియలేదు. మ్యాచ్‌కు ముందు గంటలో పిల్లలు ఆ ముక్కలన్నీ స్క్రూలు తీసి ఊడదీసి, వెనక గోడ లేకుండానే రోబోను దింపారు. షీటు డబ్బు తిరిగిచ్చాను. వాళ్లు రాత్రుళ్లు కూర్చుని వేసిన రంధ్రాలకు మాత్రం నా దగ్గర రేటు లేదు.

ఇంకో విషయం కూడా ఒప్పుకోవాలి. అంతకుముందు ఒకరిద్దరికి "నేమ్ బోర్డుల షాపులో మిగిలిన ముక్కలు చవగ్గా దొరుకుతాయి, అడగండి" అని నేనే చెప్పాను. అక్కడ దొరికేది ఎక్కువగా యాక్రిలిక్. అది పెళుసు, పగిలితే పెంకులు ఎగురుతాయి కాబట్టి వెక్స్‌లో అసలు రానివ్వరు. చూడటానికి రెండూ అద్దంలాగే ఉంటాయి. అనుమానం ఉంటే అంచు నుంచి వేలెడు పట్టీ కోసి వంచండి. యాక్రిలిక్ టప్పున విరుగుతుంది, పాలికార్బొనేట్ వంగి ఊరుకుంటుంది. కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకుని వంచండి సుమా.

అసలు చెప్పాల్సింది ఇప్పుడు చెబుతాను. మా షాపులో బాగా కదిలే సరుకే మీ పోటీల్లో చాలావాటికి పనికిరాదు. జాన్సన్ మోటార్ (గేర్లున్న డీసీ మోటారు) సంగతే చూడండి. కాలేజీ ప్రాజెక్టులకు దాన్ని మించింది లేదు, నేను రోజూ అమ్ముతాను. ఎఫ్‌టీసీ (ఫస్ట్ టెక్ ఛాలెంజ్ అనే ఇంకో రోబో పోటీ) ఆడే పిల్లలకు మాత్రం అది వేస్ట్. అక్కడ ఏ మోటార్లు వాడాలో రూల్ బుక్‌లో పేరుపేరునా రాసి ఉంటుంది, జాన్సన్ ఆ జాబితాలో లేదు. బ్యాటరీ కూడా అంతే. డ్రోన్ల లైపో (లిథియం పాలిమర్) ప్యాక్ తేలిక, పవర్ ఎక్కువ, పిల్లలకు మహా మోజు. ఎఫ్‌టీసీ రోబోకు మాత్రం వాళ్లు ఒప్పుకున్న 12 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ ప్యాకే పెట్టాలి.

డబ్ల్యూఆర్‌ఓ (వరల్డ్ రోబో ఒలింపియాడ్)లో, తనంతట తానే నడిచే బండ్ల ఫ్యూచర్ ఇంజనీర్స్ విభాగం కాస్త నయం. కంట్రోలర్ బోర్డుగా రాస్‌ప్‌బెర్రీ పై పెట్టుకున్నా, ఆర్డినో పెట్టుకున్నా అభ్యంతరం లేదు. బండి పొడవు 300, వెడల్పు 200 మిల్లీమీటర్ల లోపు, ఎత్తు 300 లోపు, బరువు కిలోన్నర లోపు ఉండాలి. హమ్మయ్య, ఇదైనా మన సరుకుతో అవుతుందనుకుని పసుపుపచ్చ బీఓ మోటార్లు (చిన్న ప్లాస్టిక్ గేరు మోటార్లు) నాలుగున్న చాసిస్ కిట్ పట్టుకెళ్తారు. అదీ కుదరదు. ఎడమ చక్రాలకు ఒక స్పీడు, కుడి చక్రాలకు ఒక స్పీడు ఇచ్చి తిప్పే బండిని అక్కడ ఒప్పుకోరు. కారులాగా ఒక యాక్సిల్‌తో బండి నడవాలి, మలుపు తిప్పే స్టీరింగ్ వేరేగా ఉండాలి. ఆ కిట్ నా షాపులో గుట్టగా ఉంది, అయినా చెబుతున్నాను.

త్రీడీ ప్రింటింగ్ ఆర్డర్లు ఇచ్చేవాళ్లు కూడా కాస్త ఆగండి. ఎఫ్‌టీసీలో ప్రింట్ చేసిన భాగాలు నిక్షేపంగా వాడుకోవచ్చు. స్కూలు పిల్లల వెక్స్‌లో పని చేసే భాగంగా పెట్టనివ్వరు. డబ్బు కట్టాక ఈ సంగతి తెలిస్తే తిట్టేది నన్నే.

అందుకే ఇకమీదట పోటీ కోసం అని చెబితే, ఏ పోటీ, ఏ సంవత్సరం అని అడుగుతాను. సీనియర్లు వాట్సాప్‌లో పంపిన పాత పీడీఎఫ్ కాదు, ఈ సీజన్‌ది ఫోన్‌లో తెరిచి ఆ పేజీ చూపించండి. మొన్న ఒక నాన్నగారు "అడిగింది ఇవ్వవయ్యా, ఇంటర్వ్యూ ఏంటి?" అని విసుక్కున్నారు. ఆయన హడావిడి నాకు అర్థమైంది, అయినా అడిగాను. షీటు కొంటే కౌంటర్ మీదే కాలిపర్ పెట్టి, వచ్చిన అంకె బిల్లు మీద రాసిస్తాను. ఎఫ్‌టీసీ మోటార్లు, హబ్‌లు (కంట్రోలర్లు) నేను తెప్పించను, వాటిని కంపెనీ అధీకృత డీలర్ల దగ్గరే తీసుకోండి. వైర్లు, ఫెర్రూల్స్ (వైరు కొసలకు వేసే లోహపు టోపీలు), జిప్ టైలు, నట్లు, బోల్టులకు మా దగ్గరికి రండి. స్క్రూ సైజు మాత్రం రూల్ బుక్‌తో సరిచూసుకోండి.

1.5 ఎంఎం పాలికార్బొనేట్ వచ్చింది. పెద్ద షీటు కొనక్కర్లేదు, 4 బై 8 ముక్కలుగా కోసిస్తాం. మిగిలిపోయిన 2 ఎంఎం షీట్లు సగం ధరకు ఇచ్చేస్తున్నాను. సైన్స్ ఫెయిర్ మోడళ్లకు, పక్షుల గూళ్లకు, దేనికైనా పట్టుకెళ్లండి. వెక్స్ పిల్లలు అడిగితే ఇవ్వొద్దని మా కుర్రాడికి చెప్పాను.