పూతరేకుల కొట్టుకు వెబ్‌సైటు: సత్తిబాబుకు ఉత్తరం

కాకినాడ

ప్రియమైన సత్తిబాబుకు,

ఉభయకుశలోపరి. ఆత్రేయపురంలోని మీ పూతరేకుల కొట్టుకు వెబ్‌సైటు చేయించాలనుకుంటున్నావనీ, ముగ్గురు డెవలపర్లు మూడు ధరలు చెప్పారనీ, ఎవరికి అప్పగించాలో చెప్పమనీ రాశావు. మీ అమ్మగారి చేతిమీదుగా పేరు తెచ్చుకున్న వ్యాపారం కాబట్టి తొందరపడి ఏ ఒక్కరినీ సిఫార్సు చేయలేను. ఆ ముగ్గురినీ ఎలా పరీక్షించాలో మాత్రం నాకు తెలిసినంతా రాస్తాను. ధరలను కాసేపు పక్కన పెట్టు.

అన్నిటికన్నా ముందు డొమైన్, అంటే సైటు చిరునామా, ఎవరి పేరున ఉంటుందో తేల్చుకో. కడియంలో నర్సరీ నడిపే మా బావమరిది ఒక సంస్థకు పని అప్పగిస్తే, వాళ్ళు డొమైన్‌ను తమ ఖాతాలోనే, తమ ఈమెయిల్ మీదే కొన్నారు. సైటు చూడముచ్చటగా ఉండేది. తర్వాత ఏడాది రుసుము దగ్గర మాటా మాటా వచ్చింది, వాళ్ళు ఫోన్ ఎత్తడం మానేశారు, గడువు తీరిపోయి సైటు ఆగిపోయింది. బోర్డుల మీదా, బిల్లు పుస్తకాల మీదా వేయించుకున్న చిరునామా ఎందుకూ కొరగాకుండా పోయింది. మన డబ్బుతో స్థలం కొని రిజిస్ట్రేషను మేస్త్రీ పేరున చేయించినట్టయింది. అందువల్ల డొమైన్, హోస్టింగ్ (సైటు ఫైళ్ళు ఉంచే అద్దె చోటు) రెండూ నీ ఈమెయిల్‌తో, నీ ఫోన్ నంబరుతో తెరిచిన ఖాతాల్లోనే ఉండాలి. పనిచేసే అతనికి వాటిలోకి అనుమతి ఇస్తే సరిపోతుంది. ఈ మాట ఎత్తగానే "అవన్నీ మేం చూసుకుంటాం సార్" అని దాటవేసేవాడికి ఎంత చవకగా చేస్తానన్నా పని ఇవ్వకు. ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసిపెట్టే పేమెంట్ గేట్‌వే విషయంలోనూ ఇంతే. రేజర్‌పే అయినా మరొకటయినా కేవైసీ (గుర్తింపు తనిఖీ) నీ పాన్‌తో జరగాలి, కొన్నవాళ్ళ డబ్బు నేరుగా నీ బ్యాంకు ఖాతాకే చేరాలి.

ఆ డెవలపర్లు నిన్ను ఏమడుగుతున్నారో జాగ్రత్తగా గమనించు. కూర్చోగానే నాలుగు డిజైన్లు చూపించి రంగు ఎంచుకోమనేవాడు ఒక రకం. పంచదార రేకులు ఎన్నాళ్ళు నిలవుంటాయి, బెల్లం రేకుల సంగతేమిటి, బెంగళూరు చేరేలోగా డబ్బాలో రేకులు చిట్లితే డబ్బు వెనక్కిస్తారా మరో డబ్బా పంపుతారా, ఏ పిన్‌కోడ్లకు కొరియర్ వెళ్ళదు, సంక్రాంతి రద్దీలో చేతనైనన్ని ఆర్డర్లు అందగానే సైటు తనంతట తాను ఆగాలా, నెయ్యి ధర పెరిగితే కొత్త రేటు ఎవరు మారుస్తారు అని అడిగేవాడు మరో రకం. ఈ రెండో రకం వాడు దొరికితే వదులుకోకు. నన్నడిగితే, బోర్లించిన కుండ మీద జయ బియ్యం పిండిలో ముంచిన గుడ్డ వేసి రేకు తీయడం ఒక పూట కూర్చుని చూసి వెళ్ళినవాడే మీ సరుకు గురించి పేజీలో సరిగా పెట్టగలడు. అతను రావులపాలెం వాడా హైదరాబాదు వాడా అన్నది నా దృష్టిలో అంత ముఖ్యం కాదు.

వాళ్ళు ఇంతకుముందు చేసిన సైట్ల చిరునామాలు అడిగి తీసుకో. వాటిని వాళ్ళ లాప్‌టాప్‌లో చూడకు. మీ కొట్లో డబ్బాలు కట్టే కుర్రాడి ఫోన్‌లో, వైఫై తీసేసి, మొబైల్ డేటా మీద తెరిపించు. అతను సరుకు ఎంచుకుని డబ్బు కట్టే పేజీ దాకా ఎవరినీ అడక్కుండా వెళ్ళగలిగాడా, ఎక్కడ ఆగి నీ వైపు చూశాడు అన్నది చూస్తే డెవలపర్ పనితనం తెలిసిపోతుంది. గూగుల్ వారి పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో ఆ చిరునామా ఇచ్చి చూస్తే వేగం లెక్క ఉచితంగా వస్తుంది; పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనబడితే అది మంచి సైటు కింద లెక్క. తెలుగు పేజీ ఉంటే దాని మీద వేలు నొక్కిపట్టి ఒక మాట కాపీ చేసి చూడు. మన ప్రెస్సుల్లో శుభలేఖలకు వాడే అను ఫాంట్లు యూనికోడ్ (ఫోన్లూ, గూగులూ చదవగలిగే అక్షరాల పద్ధతి) కావు. ఆ కూర్పును బొమ్మగా తెచ్చి అతికిస్తే మాట కాపీ కాదు, గూగుల్‌లో "పూతరేకులు" అని తెలుగులో వెతికేవాళ్ళకు ఆ పేజీ దొరకడమూ కష్టమే.

ఆ సైట్ల యజమానులకు నువ్వే ఫోన్ చెయ్యి, సైటు తయారై రెండేళ్ళయినవాళ్ళకు మరీ ముఖ్యంగా. డబ్బంతా ముట్టాక కూడా పిలిస్తే పలుకుతున్నాడా అని అడుగు. వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో చేసిన సైటయితే ప్లగిన్లను, అంటే దానికి తగిలించే అదనపు భాగాలను, ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయకపోతే దొంగలకు దారి తెరిచి ఉంచినట్టే; ఆ పని ఎవరిది, ఏడాదికి ఎంత, బ్యాకప్ (సైటు నకలు) నీ దగ్గర కూడా ఒకటి ఉంటుందా అన్నవి కాగితం మీదికి రావాలి. సైటుకూ చూసేవాళ్ళకూ మధ్య సమాచారాన్ని భద్రంగా ఉంచే ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్‌ను లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ వారు ఉచితంగానే ఇస్తారు కనుక, దానికి వేల రూపాయలు బిల్లు వేస్తే ఎందుకని అడుగు. గూగుల్‌లో మొదటి స్థానం గ్యారంటీ అని ఎవరైనా అంటే అక్కడితో ఆ మాటలు ఆపెయ్యి. అలాంటి గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగులే చెబుతోంది.

ఒప్పందంలో ఒక వాక్యం తప్పకుండా రాయించుకో. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం బయటి మనిషి రాసిన ప్రోగ్రామ్‌కు మామూలుగా అతనే మొదటి హక్కుదారు. డబ్బు పూర్తిగా చెల్లించాక ఆ హక్కు నీకు బదిలీ అవుతుందని రాతపూర్వకంగా ఉండాలి. అలాగే 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం సైటులో వ్యాపారం పేరు, చిరునామా, ఫిర్యాదుల అధికారి వివరాలు, వాపసు నియమాలు కనబడాలి. వీటిని నువ్వు గుర్తుచేయకముందే అడిగేవాడయితే మరీ మంచిది. ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన మీ 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు కూడా పెట్టించు.

డబ్బు ఒక్కసారే ఇవ్వకు. కొంత అడ్వాన్సు, కొంత నమూనా చూశాక, చివరి విడత మాత్రం హైదరాబాదులో ఉన్న మీ తమ్ముడు మామూలు కొనుగోలుదారుడిలాగే ఆర్డరు పెట్టి, డబ్బు కట్టి, డబ్బా అందుకున్నాకే.

ముగ్గురి కొటేషన్లూ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు. సంక్రాంతికి సైటు సిద్ధంగా ఉండాలంటే దసరా లోపే పని అప్పగించాలి. చెల్లెమ్మను, పిల్లలను అడిగానని చెప్పు. అమ్మగారికి నా నమస్కారాలు.

ఇట్లు,
నీ మిత్రుడు
రామం