కలెక్టర్ గారూ, పూతరేకుల పొయ్యి దగ్గరికి ఒకసారి రండి

కోనసీమ జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్), అంటే ఆ ఊరి పేరుకి చట్టపరమైన రక్షణ, వచ్చింది. సంతోషమే. అప్పటి నుంచి పెట్టె మీద పేరు బాగా కనిపిస్తోంది, రేకు తీసే మనిషే కనిపించడం లేదు.

వీలు చూసుకుని పొయ్యి దగ్గర కాసేపు కూర్చోండి. బోర్లించిన కుండ, దాని కింద కొబ్బరాకుల మంట. నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండిని పల్చగా జారుగా కలిపి, అందులో గుడ్డ ముంచి, కుండ మీద ఒక్క లాగు లాగుతారు. క్షణంలో రేకు తయారు. మంట ఎక్కువైతే మాడుతుంది, తగ్గితే సరిగా ఊడిరాదు. చెయ్యి తిరగాలంటే ఓపిక కావాలి. ఈ పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లే, అదీ ఆ సెగలో, పొగలో. నెయ్యి రాసి, బెల్లమో పంచదార పొడో చల్లి మడవడం తర్వాతి సంగతి. ఇప్పుడు చాక్లెట్ పూతరేకులూ వచ్చాయి లెండి, ఎవరిష్టం వారిది!

1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం ప్రకారం తయారీదారులు ఎవరైనా ఆ పేరుకి అధీకృత వినియోగదారులుగా, అంటే ఆ పేరు వాడుకునే హక్కున్నవాళ్లుగా, నమోదు చేసుకోవచ్చు. పెద్ద షాపువాళ్లకి ఆ దారి తెలుస్తుంది. ఇంట్లో రేకులు తీసి షాపులకి వేసే ఆవిడకి ఆ ఫారం ఎవరు నింపిపెడతారు? ఆత్రేయపురంలోనే ఒక క్యాంపు పెట్టించండి. ఫీజు కూడా వాళ్ల మీద పడకుండా చూడండి.

పొగగొట్టాలున్న షెడ్లు కట్టిస్తే ఇంకా మేలు. కుండ మాత్రం మార్చమనకండి.

ఇట్లు,
ఒక కోనసీమ వాసి