కొత్త కారులో మాడు వాసన, జాబ్‌కార్డులో ‘ఓకే’

సంపాదకుడి గారికి,

నడిరోడ్డు మీద కారు తగలబడిన వార్తలు తరచూ చదువుతున్నాం. ‘షార్ట్ సర్క్యూట్ కారణమని భావిస్తున్నారు’ అన్న ముక్కతో అవి ముగిసిపోతాయి. ఏ వైరు ఎక్కడ ఒరిసింది, అది కంపెనీ వేసిందా, బయట కలిపిందా, బండి వయసెంత అన్నది మర్నాడు ఎవరూ పట్టించుకోరు. డొక్కు బండ్ల సంగతి వదిలేద్దాం. ఈఎంఐలు సగం కూడా తీరని కార్లలో పిల్లాపాపలతో తిరిగేవాళ్ల గురించే ఈ ఉత్తరం.

మా చిన్న కారు కొని ఏడాది దాటిందో లేదో, ఏసీ వేస్తే డ్యాష్‌బోర్డు వైపు నుంచి ప్లాస్టిక్ మాడిన వాసన మొదలైంది. సర్వీస్ సెంటర్‌లో చూసి జాబ్‌కార్డు మీద ‘చెక్డ్, ఓకే’ అని రాసిచ్చారు. వాసన మాత్రం పోలేదు. మళ్లీ తీసుకెళ్తే, రివర్స్ కెమెరా బయట పెట్టించారు కాబట్టి వారంటీ రాదన్నారు. అది పెట్టింది వాళ్ల షోరూంలోనే! బిల్లు చూపించాక గానీ ప్యానెల్ ఊడదీయలేదు. చూస్తే వైర్ల కట్ట ఇనుప బ్రాకెట్ అంచుకు ఒరుసుకుని, పై తొడుగు చిట్లి, లోపలి రాగి బయటపడి ఉంది. పక్కన బొగ్గులాంటి మచ్చ. నల్ల టేపు చుట్టి పంపించేశారు. ఈసారి కార్డులో రాసింది ‘జనరల్ చెకప్’.

ఇలాంటి రాతలతోనే అసలు చిక్కు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ వల్ల, లోపమున్న బండ్లను వెనక్కి పిలిపించమని కంపెనీలను ఆదేశించే అధికారం కేంద్రానికి వచ్చింది. 2021 ఏప్రిల్ నుంచి నిబంధనలు అమల్లో ఉన్నాయి. ఏడేళ్ల లోపు బండ్లకు వర్తిస్తాయి, జరిమానా కోటి రూపాయల దాకా ఉంది. కానీ అలా పిలిపించడానికి ముఖ్య ఆధారం, కేంద్ర రవాణా శాఖ వెబ్‌సైట్ అయిన వాహన్ పోర్టల్‌లో యజమానులు పెట్టే ఫిర్యాదులే. అలాంటి పోర్టల్ ఒకటుందని ఎంతమందికి తెలుసు? జనం ఫిర్యాదు చేసేది సర్వీస్ సెంటర్‌లో. అక్కడ అది ‘జనరల్ చెకప్’ అయిపోతుంది.

కంపెనీలు తలచుకుంటే చేయలేనిదేమీ కాదు. 2023 ఆగస్టులో మహీంద్రా, ఇంజిన్ దగ్గర వైర్లు ఒరిసి తెగే ముప్పుందేమో చూడటానికి లక్షా 8 వేలకు పైగా ఎక్స్‌యూవీ 700 బండ్లను తనంతట తానే పిలిపించింది. అవన్నీ 2021 జూన్, 2023 జూన్ మధ్య తయారైన కొత్త బండ్లే. మాది ఆ కంపెనీ బండి కాదు గానీ, తప్పు బయటపెట్టి సరిచేసే పద్ధతి అదీ.

బయటి షాపుల పాపం కూడా ఉంది, కాదనను. మామూలు హెడ్‌లైట్ బల్బు 60 వాట్లది, అంటే సుమారు 5 ఆంపియర్ల కరెంటు. దాని స్థానంలో 100 వాట్ల బల్బు బిగిస్తే అదే సన్నటి వైరు 8 ఆంపియర్లకు పైగా మోయాలి. ఫ్యూజు ఎగిరిపోతోందంటే ఇంకా పెద్ద ఫ్యూజు పెట్టి చేతులు దులుపుకుంటారు. ఫ్యూజు ఉన్నదే ఎగిరిపోవడానికి! వైరు గీకి, ఇంకో వైరు మెలితిప్పి టేపు చుట్టే పని షోరూముల్లో కూడా జరుగుతోంది కాబట్టి, అక్కడ బిగించిన ప్రతిదానికీ షోరూమే రాతపూర్వకంగా బాధ్యత తీసుకోవాలి.

రెండు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలను కోరేది పెద్దదేమీ కాదు. మాడు వాసన, పొగ, కరిగిన వైరు అని యజమాని చెబితే ఆ మాటలే జాబ్‌కార్డులో ఎక్కాలి, ఒక కాపీ యజమాని చేతికివ్వాలి, ఆ వివరం వాహన్‌కు పంపే బాధ్యత సర్వీస్ సెంటర్‌దే కావాలి. కాలిన ప్రతి కారుకూ అగ్నిమాపక శాఖ ఇచ్చే నివేదికలో మోడల్, తయారైన సంవత్సరం రాసి రవాణా కమిషనర్‌కు చేర్చాలి. బీమా కోసం ఎలాగూ ఆ నివేదిక రాస్తూనే ఉన్నారు కదా, రెండు గళ్లు ఎక్కువ పెట్టడానికి కొత్త జీవో దాకా ఆగక్కర్లేదు.

— ఒక పాఠకుడు, హనుమకొండ