టీచర్ గారి జ్ఞాపకార్థం: ఈ ఆదివారం పిల్లలతో రండి

అందరికీ నమస్కారం 🙏

మన ప్లేస్కూల్ టీచర్ గారిని తలుచుకోవడానికి ఆదివారం ఉదయం 9 నుంచి 11 వరకు గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లోని పాత బడి ఆవరణలో కలుద్దాం. ప్రసంగాలు, శాలువాలు వద్దు. ఆవిడ నేర్పిన పనులే పిల్లలతో చేయిద్దాం.

పిల్లలు ఆడుకునే పిండిముద్దలు తెచ్చేవాళ్లు: 2 కప్పుల మైదా, 1 కప్పు మెత్తని ఉప్పు, 2 చెంచాల నూనె. దాదాపు 1 కప్పు గోరువెచ్చని నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ కలపండి. రంగుకి పసుపో బీట్‌రూట్ రసమో చాలు. మూత బిగించిన డబ్బాలోనే ఉంచాలి, లేకపోతే ఉప్పు గాలిలోని చెమ్మ లాగి ముద్ద జిగురు పడుతుంది. అలా అయితే గుప్పెడు మైదా చల్లి పిసకండి.

గరుకు అక్షరాలు (ఉప్పు కాగితంలో కత్తిరించి అట్టకి అంటించేవి): 1939లో మద్రాసులోని అడయారు వచ్చిన ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి మన దేశంలో టీచర్లకు నేర్పిన పద్ధతిది. ర, గ, ట, ప చాలు. సన్నరకం ఉప్పు కాగితం తీసుకోండి, ముతకదైతే పిల్లలు రెండోసారి వేలు పెట్టరు. కాగితం వెనక గీస్తే అక్షరాన్ని తిరగేసి గీయాలి, లేకపోతే అట్టకి అంటించాక అద్దంలో బొమ్మలా వస్తుంది. రాసే దిశలోనే రెండు వేళ్లతో దిద్దించాలి.

పెద్దవాళ్లకి ఆవిడ మాట గుర్తుందిగా? ఊరికే "గుడ్" అనొద్దు. "బొత్తాం నువ్వే పెట్టుకున్నావే!" అని చేసిన పని చెప్పండి. చెప్పుల బకిల్ దగ్గర పిల్లలు తంటాలు పడుతుంటే చేతులు కట్టుకుని ఆగండి.

ఎవరు ఏం తెస్తారో శుక్రవారం సాయంత్రంలోగా ఇక్కడే రాయండి.

మూడేళ్లలోపు పిల్లలుంటారు. పూసలు, బఠాణీలు అస్సలు తేవద్దు, గొంతులో అడ్డం పడతాయి. చాపలు మర్చిపోకండి.